ముందు ఆటో సంగతి

మా అమ్మ మిరప కోతల ముఠాకు మేస్త్రి. ఇరవై మంది ఆడవాళ్ళు ఆమె మాట మీద కదులుతారు. ఆమె కూతురికి, అంటే నాకు, నోట్లో నాలుక లేదని ఆ ఇరవై మందికీ గట్టి నమ్మకం. వాళ్ళని అనుకోవడానికీ లేదు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, రెండేళ్ళుగా ఉద్యోగం దొరక్క, బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్‌కి ఇంటర్ పిల్లల పేపర్లు దిద్దిపెడుతున్న మనిషిని చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

కోతల రోజుల్లో సాయంత్రం పూట రైతులు మా పేటకు వస్తారు. కాయ పండి చెట్టు మీదుంటే రైతు మనసు ఇంట్లో నిలవదు. ఆ సంగతి అమ్మకు బాగా తెలుసు. వచ్చినాయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోగానే "మావాళ్ళనడిగి చెప్తానండి" అని లోపలికి వెళ్ళిపోతుంది. లోపల నేను తప్ప ఎవరూ ఉండరు. నన్ను అడగదు. బియ్యం డబ్బా మూత తీసి చూసి, మళ్ళీ పెట్టి, కాసేపు ఊరికే నిలబడి బయటికొస్తుంది. వచ్చాక కూలి మాట ఎత్తదు. కూలి ఊరంతా ఒకటే, అందులో బేరమాడేందుకు ఏమీ లేదు. "ముందు ఆటో సంగతి తేల్చండి" అంటుంది. ఆటో రైతే పెట్టుకోవాలి, అది పేట దాకా రావాలి, పొద్దుండగానే మళ్ళీ తెచ్చి దింపాలి. మొదటిసారి అడగ్గానే ఆమె సరేనన్నది నేనెప్పుడూ చూడలేదు. రైతు విసుక్కుని బండెక్కి వెళ్ళిపోయినా కంగారు పడదు. మర్నాడు మళ్ళీ వస్తాడు.

అలాంటి ఇంట్లోకి ఒక బుధవారం పొద్దున నాకు ఫోనొచ్చింది. చిలకలూరిపేట దగ్గర హైవే మీదున్న ఒక కారం ఎగుమతి కంపెనీలో నెలరోజుల కిందట ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చాను. ల్యాబులో కారం రంగూ ఘాటూ పరీక్ష చేసే పని. నెలకు పదిహేను వేలు, సోమవారం చేరాలి అంటోంది అవతల హెచ్ఆర్ మేడం. సరేనండి అనబోయాను. ఇంతలో అంట్లు తోముతున్న అమ్మ బూడిద చెయ్యి అడ్డంగా ఊపుతూ ఎదురుగా ప్రత్యక్షమైంది. ఒప్పుకోమాకు అని సైగ.

"ఇంట్లో అడిగి చెప్తానండి" అన్నాను.

"రంగు చూసి చెప్పడానికి ఎమ్మెస్సీ ఎందుకే, దోసిట్లో పోస్తే నేను చెప్తాగా" అంది అమ్మ. "అయినా నిన్నే అడిగారంటే అవసరం వాళ్ళది. నువ్వు ఫోన్ చెయ్యమాకు. వాళ్ళే చేస్తారు చూడు."

ఉద్యోగం కోతల బేరం కాదని నాకైనా తెలియాల్సింది. కానీ రెండేళ్ళలో మొదటిసారి నన్నొకరు రమ్మని అడిగారు. కాస్త బెట్టు చేయడం ఎంత బాగుంటుందో అప్పుడే తెలిసింది. రెండు రోజులు మంచం మీద కాలు మీద కాలేసుకుని బెట్టు చేశాను.

ఫోన్ రాలేదు. శనివారం పొద్దున నేనే చేశాను. "మీకు ఇష్టం లేదేమో అనుకున్నామండి. ఇవాళ వేరేవాళ్ళని పిలిచాం" అంది మేడం. నా కళ్ళలో నీళ్ళు చూసి అమ్మ లేచింది. ట్రంకుపెట్టె తెరిచి, చర్చికి తప్ప కట్టని చీర తీసి, శనివారం నాడే కట్టింది. "పద" అంది.

కంపెనీ గేటు పక్కన రేకుల షెడ్డు కింద పాతికమంది దాకా ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అమ్మ పక్కనున్న అమ్మాయిని పలకరించింది. "ఏం చదివావమ్మా?" "ఎమ్మెస్సీ ఆంటీ." ఆ పక్క కుర్రాడు బీటెక్. వాడి పక్కమ్మాయి మళ్ళీ ఎమ్మెస్సీ. "ఎన్ని ఉద్యోగాలంట?" "ఒకటేనంట ఆంటీ." అమ్మ షెడ్డంతా ఒకసారి కలయజూసింది. నా చెవిలో, "తెగులొచ్చిన ఏడులా ఉందే" అంది.

ఆ ఏడు చేలన్నీ ముడుచుకుపోయి కోతల్లేవు. మా ముఠాయే రైతుల గుమ్మాల ముందుకెళ్ళి నిలబడింది. ఆ సంగతి అమ్మ ఎప్పుడూ మాట్లాడదు.

లోపల మేడం నా ఈడుదే. నా వెనకాలే వచ్చిన అమ్మను చూసి ఏమనాలో తెలియక కుర్చీ చూపించింది. అమ్మ కూర్చోలేదు. "మీ పేరు ఇంకా లిస్టులో ఉందండి. కానీ ఇప్పుడు పదమూడు వేలే ఇవ్వగలం, ఆరు నెలల వరకు" అంది మేడం నాతో. నేను అమ్మ వైపు చూశాను. అక్కడ లోపలి గది లేదు, బియ్యం డబ్బా లేదు.

"వస్తుందండీ" అంది అమ్మ. "రేపు రమ్మన్నా వస్తుంది."

రేపు ఆదివారం. ఎంతటి రైతు ఎంత బతిమాలినా ఆదివారం కోతకు కదలని మనిషి అమ్మ. ఆ మాట విన్నాక నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. మేడం మీదో, షెడ్డు కింద కూర్చున్నవాళ్ళ మీదో, రెండు రోజులు కాలు మీద కాలేసుకున్న నా మీదో తెలియలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ముందు ఆటో సంగతి తేల్చండి" అన్నాను.

"ఆటోనా?" అంది మేడం.

"అదే, రావడం పోవడం. చీరాల రోడ్డు మీద మీ బస్సు రోజూ వెళ్తుంది. మా ఊరి మలుపులో ఆగదు. ఆగితే సోమవారం నుంచి వస్తాను."

అమ్మ నా జబ్బ గిల్లింది. మేడం నన్నూ అమ్మనూ మార్చి మార్చి చూసి, నవ్వాపుకుంటూ డ్రైవర్‌కి ఫోన్ చేసింది. "ఏడున్నరకు ఆగుతుంది. ఆలస్యమైతే ఆగదు" అంది.

గేటు దాటాక అమ్మ అందుకుంది. "ఇన్నేళ్ళూ లేని నోరు ఇప్పుడే రావాలా? పోయుంటే ఏం చేసేదానివే?" బస్టాండు దాకా తిట్టి, అక్కడ జిలేబీ కొని, సగం తనే తింది.

మర్నాడు ఆరాధన అయ్యాక చర్చి బయట ముఠా అంతా చుట్టుముట్టింది. "ముందు ఆటో సంగతి తేల్చమన్నా. ఆ మేడం దిగొచ్చింది" అంటోంది అమ్మ. చెబుతూ నా వైపు ఒక్కసారి చూసింది. "అవును, అమ్మే అడిగింది" అన్నాను. "వస్తుందండీ" అన్న మాట ఆమె చెప్పలేదు, నేనూ చెప్పలేదు. అమ్మ బైబిలు తప్ప మరేదీ చదవదు. ఆ ధైర్యంతోనే ఇక్కడ రాస్తున్నాను.

సోమవారం పొద్దున మలుపు దాకా నడుస్తుంటే వెనకనుంచి ముఠా ఆటో వచ్చింది. "ఏమ్మా ఆఫీసరూ, మాకు ఆటో ఇంటిముందుకొచ్చింది. నీకు నడకేనా?" అని లోపలనుంచి ఒకటే నవ్వులు. అమ్మ ఆటో ఆపించి, పక్కావిడను జరగమని నన్ను ఇరికించుకుంది. మలుపులో దిగుతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆరు నెలలు కానీ" అంది మెల్లగా. "బస్సుని మన పేట దాకా రమ్మందాం."