మా అత్త విన్న బ్యాండు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి ఏదైనా ఉందంటే, అది లైబ్రరీలో ఇంకా నా చేతికి రాని పుస్తకంలో ఉంటుందని నా నమ్మకం. ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానో ముందే చెప్పాలి. మొన్న తిరుత్తణిలో ఒక పెళ్లిలో ఒకాయన తన పిల్లలకు నన్ను చూపించి, "ఆ బ్యాండు పాటకి మైకులో అర్థం చెప్పినాడే, ఆ అన్న ఈయనే. పెద్ద చదువరి" అన్నాడు. పిల్లలు చేతులు జోడించారు. నేను తల పంకించి పుచ్చుకున్నాను. ఇంటికి వచ్చాక అన్నం సయించలేదు. పదేళ్లుగా నాది కాని పేరు మోస్తున్నాను. జరిగింది జరిగినట్టు ఒకచోట కాగితం మీద ఉండటం మంచిది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. తిరువళ్లూరులో ఒక కంపెనీ స్టోర్స్‌లో గుమస్తాని. బడిలో చదివిందంతా తమిళం. లైబ్రరీ వెనక మూల ఉన్న ఒకే ఒక్క ఇనుప బీరువాలోని తెలుగు పుస్తకాలు ముందు పెట్టుకుని అక్షరాలు నాకు నేనే నేర్చుకున్నాను (ఈ మాట సందు దొరికితే చాలు చెబుతాను, మన్నించాలి). ఆ బీరువాలో కర్ణాటక సంగీతం మీద ఒక లావాటి పుస్తకం ఉండేది. గడువు పొడిగించుకుంటూ మూడుసార్లు చదివాను. నాకు పాడటం రాదు, వాయించటం అంతకన్నా రాదు, కానీ డెబ్బై రెండు మేళకర్తల పేర్లూ వరసగా అప్పజెప్పగలను. ఒకరోజు క్యాంటీనులో ఎవరూ అడక్కుండానే అప్పజెప్పాను. అదే నా కొంప ముంచింది.

ఎదుట కూర్చుని విన్నది మా స్టోర్స్‌లోనే పనిచేసే డ్రమ్మన్న. వాళ్లకు తిరువళ్లూరులో ఇనుప సామాన్ల అంగడి. దాని మేడ మీద డ్రమ్ములతో అతనూ, గిటార్లతో గిటారక్కా, ఆమె తమ్ముడూ కలిసి వాయించేవారు. బ్యాండంటే నాకు తెలిసింది పెళ్లి ఊరేగింపు ముందు నడిచేది. ఇది ఆ బాపతు కాదు. ఒక్కో పాట పన్నెండు నిమిషాలు, ఒక్కదానిలోనూ మాటలుండవు. తిరువళ్లూరులో మొదటిసారి వాయించినప్పుడు ఐదో నిమిషానికి జనం లేవటం మొదలుపెట్టారట. చివరిదాకా ఉన్నది కుర్చీలు అద్దెకిచ్చినాయన ఒక్కడే, అదీ కుర్చీల కోసం. ఇప్పుడు తిరుత్తణిలో ఒక కల్యాణమండపం దొరికింది. ఈసారీ హాలు ఖాళీ అయితే గిటారు అమ్మేస్తానని గిటారక్క నాయన తేల్చి చెప్పేశాడు.

"తమ్ముడూ, నువ్వు చదివినోడివి. మేము వాయించే ముందర ఐదు నిమిషాలు మైకు పట్టుకో. దీన్ని ఎట్లా వినాలనేది జనానికి చెప్పు, చాలు" అన్నాడు డ్రమ్మన్న.

"దానికేముందన్నా!" అన్నాను. ఆ రోజుల్లో నేను దేనికైనా అనే మాట అదే.

ఫోనులో ఎక్కించి ఇచ్చిన పాటను వారం పాటు, లైబ్రరీలో లావాటి పుస్తకం తెరిచి పెట్టుకుని, చెవుల్లో తీగలు దోపుకుని విన్నాను. పల్లవి ఎక్కడో తెలియలేదు. తాళం వేద్దామంటే చెయ్యి ఒకచోట పడుతుంది, దెబ్బ ఇంకోచోట పడుతుంది. నలభై సార్లు విన్నా అది నాకు చప్పుళ్ల కుప్పలాగే ఉంది. ఎట్టకేలకు మొదటి నిమిషంలో ఒక మెల్లని భాగం నచ్చి, దాని మీద రెండు పేజీలు రాసి గిటారక్కకు చదివి వినిపించాను. "ప్రారంభంలోని ఆలాపన మనసును లోకాతీతమైన..." దాకా వచ్చేసరికి ఆమె, "తంబీ, అది ఆలాపన కాదు. తీగలు సరిచేసుకుంటా ఉన్నాం. కత్తిరించేది మరిచిపోయినాం" అంది. పాపం, నవ్వలేదు. నవ్వివుంటే బాగుండేది. నేను సరిగ్గా చెప్పలేకపోతే ఆమె చేతిలో గిటారు ఉండదన్న సంగతి అప్పుడు తగిలింది.

కార్యక్రమానికి వారం ముందు ఆదివారం ఆర్.కె.పేటలో మా మేనత్త ఇంటికి వెళ్లాను. ఇంటి వెనక షెడ్డులో రెండు పవర్‌లూమ్ మగ్గాలు. ఒకదానికి ఎదురుగా నిలబడి పనిచేస్తుంటే రెండోది వీపు వెనక ఉంటుంది. అందుకని వెనకదాన్ని ఆమె చెవులతోనే కాపలా కాసేది. పోగు తెగినా, అటూ ఇటూ పరుగెత్తే నాడె తడబడినా తల తిప్పకముందే తెలిసిపోయేది. పదకొండింటికి కరెంటు పోయింది. ఆ నిశ్శబ్దంలో ఇంకోసారి విందామని ఫోనులో పాట పెట్టాను.

"ఏందబ్బోడా ఆ చప్పుడు?" అంది అత్త, మగ్గాలు ఆడుతున్నప్పటి పెద్ద గొంతుతోనే.

"పాటత్తా. నిలిపేస్తాలే."

"నిలపొద్దు, ఉండనీ." కొంగుతో ముఖం తుడుచుకుని, ఫోను వైపు వీపు పెట్టి నిలబడింది. "ఇవి రెండు మగ్గాలు కదరా. ఒకటి తొందరది, ఒకటి నిదానంది. తొందరది ముందరికి పోతా ఉండాది. పోనీ, యాడికి పోతాది? తిరుక్కుని వచ్చి దీన్ని పట్టుకుంటాది. ఇంకా లేదు... ఇంకా లేదు... ఇదో, ఇప్పుడు!"

రెండు గిటార్లూ డ్రమ్మూ ఒకే దెబ్బగా పడ్డాయి. నాకు చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. పాట మళ్లీ విడిపోయింది. ఈసారి అది కుప్ప కాదు. రెండు దారులు ఒకదాన్నొకటి దాటిపోవటం నాకు వినిపించింది. అత్త మళ్లీ వేలెత్తి, ఆ చోటుకు ఒక క్షణం ముందే "ఇదో!" అంది. అంతకుముందు ఆ పాట ఒక్కసారి కూడా వినని మనిషి!

తిరుత్తణి మండపానికి అత్త తన పేటలోని నేతవాళ్లను రెండు షేర్ ఆటోల్లో తీసుకొచ్చి మూడో వరసలో కూర్చుంది. నేను మైకు పట్టుకున్నాను. కాగితాలు జేబులోంచి తీయలేదు. రెండు మగ్గాల సంగతి, తొందరది, నిదానంది, కలిసే చోటు, అన్నీ చెప్పాను. కానీ ఎలా మొదలుపెట్టాను? "నా పరిశీలనలో తేలిందేమిటంటే" అని! (రాస్తుంటేనే చెవులు వేడెక్కుతున్నాయి.)

వాయించటం మొదలైంది. ఐదో నిమిషంలో వెనక వరసలో ఒకాయన లేచాడు. మూడో వరస నుంచి అత్త షెడ్డు గొంతు వినిపించింది: "కూచోయ్యా, ఇంకా కలవలేదు!" ఆయన కూర్చున్నాడు. ఆ తర్వాత ఎవరూ కదల్లేదు. హాలంతా ముందుకు వంగి కాచుకుంది. దెబ్బ కలిసినప్పుడు అన్ని నోళ్ల నుంచీ ఒకేసారి "ఆ!" అని వచ్చింది. అలాంటి శబ్దం నేను మళ్లీ ఎక్కడా వినలేదు. పన్నెండు నిమిషాలూ అయ్యాక గిటారక్క నాయన వేదిక దగ్గరకు వచ్చి, "ఇంకోటి లేదామ్మా?" అని అడిగాడు.

ఆ రాత్రికి నేనూ అత్త ఇంటికే బయలుదేరాను. షేర్ ఆటోలో ఆమె నా పక్కన కూర్చుంది. "బాగా చెప్పినావు నాయనా. నేనేదో నోటికొచ్చింది అంటి. పుస్తకంలోనూ అదే రాసుండాదా?"

"ఉండాదత్తా" అన్నాను.

"చూడు! అంత చదివినోళ్లకి మా మగ్గం సంగతి కూడా తెలుసునే!" అని, నా సంచిలోని పుస్తకాన్ని పైనుంచే ఒకసారి తడిమింది.

ఆ పిల్లవాణ్ణి ఇప్పుడు తిట్టాలనిపించదు. పక్కనే కూర్చున్న మనిషిని వదిలేసి పుస్తకాన్ని గట్టిగా పట్టుకున్నాడే అని నవ్వొస్తుంది, ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది. నా చేతికి మైకు ఇచ్చిన డ్రమ్మన్నకు, నా వ్యాసం విని నవ్వని గిటారక్కకు, ఆమె తమ్ముడికి, బీరువా తాళం ఎన్నిసార్లు అడిగినా విసుక్కోని లైబ్రరీ అయ్యకు, ఆ ఆదివారం కరెంటు తీసేసిన పుణ్యాత్ముడికి నా దండాలు. చివరగా మా అత్తకు. మగ్గాల మధ్య నిలబడి నిలబడి ఆమెకు ఇప్పుడు చెవులు మందగించాయి. కాబట్టి ఈ ఒక్క వాక్యం మాత్రం పక్కన కూర్చుని గట్టిగా చదివి వినిపించాలి: అది ఏ పుస్తకంలోనూ లేదత్తా, నువ్వే చెప్పినావు.