పిల్లికి చెప్పిన మాట

మల్లేశ్వరికి కోపమొస్తే అరవదు, గిన్నెలు విసిరేయదు, శాపనార్థాలు పెట్టదు. మాట మానేస్తుంది. గుంటూరు మిర్చి యార్డు వెనక వీధిలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. అరిచేవాళ్ళతో వేగడం తేలికే. అరగంటకి గొంతు పోతుంది, వాళ్ళే ఊరుకుంటారు. ఈవిడ మౌనానికి అలుపుండదు. పెళ్ళైన కొత్తలో అత్తగారితో రెండు నెలలు మాట్లాడలేదట. ఆ రెండు నెలలూ వంటా వార్పూ ఏ లోటూ లేకుండా చేసి పెట్టిందట. అదే మరీ దారుణం అనేది ఆ అత్తగారు.

మొగుడు పానకాలు యార్డులో హమాలీ. మిర్చి టిక్కీ, అంటే బస్తా, ఎంత బరువున్నా వీపు మీద వేసుకుని చకచకా నడిచే మనిషి, ఇంట్లో పెళ్ళాం మాట్లాడకపోతే మాత్రం చతికిలబడేవాడు. పిల్లలు లేరు. మాట లేకపోయినా సంసారం నడవాలి కదా, అందుకని ఇద్దరూ పెంపుడు పిల్లికి చెప్పుకునేవాళ్ళు. "ఏమే పిల్లీ, అన్నం చల్లారిపోతంది, తినేవాళ్ళు తింటే గిన్నెలు తోముకుంటా" అని ఆవిడ. "ఏమే పిల్లీ, ఇయ్యాల లారీలు ఎక్కువున్నాయి, రావడం ఆలస్యమవుద్ది" అని ఆయన. మన వైపు ఇదేమంత వింత కాదులెండి. గేదెకో గోడకో చెప్పి పక్కమనిషికి వినిపించడం చాలా ఇళ్ళల్లో ఉన్నదే. పక్కింటివాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నిజానికి వాళ్ళిద్దరికీ కూడా లోపల్లోపల నవ్వొచ్చేది.

రెండేళ్ళ కిందట ఒకసారి అలాగే మాట మానేసింది. కారణం చెబితే సిగ్గుచేటు. పొదిలి నుంచి మల్లేశ్వరి అక్క వచ్చినప్పుడు, ఆవిడ ముందే పానకాలు పప్పులో ఉప్పు లేదన్నాడు. అంతే. పదిహేడో రోజు పొద్దున ఆయన గడప మీద కూర్చుని, "ఏమే పిల్లీ, ఛాతీలో పట్టేసినట్టుంది నాకు" అన్నాడు.

మల్లేశ్వరి విన్నది. తిరగబోయి ఆగింది. నాతో అనలేదుగా, పిల్లితో అన్నాడుగా అనుకుంది. నాతో అన్నప్పుడు చూద్దాంలే అనుకుంది. ఆయన లేచి పనికి వెళ్ళిపోయాడు. పదింటికి యార్డు నుంచి మనుషులొచ్చారు.

పరామర్శకి వచ్చినవాళ్ళంతా అడిగారు, పొద్దున నొప్పని ఏమన్నా అన్నాడా అని. "నాతో ఏం అనలేదు" అంది. అబద్ధం కాదది. అబద్ధమైనా బాగుండేది.

ఆ తర్వాత తొడిమలు తీసే షెడ్డులో పనికి కుదిరింది. ఇంట్లో ఏడుపు రాదు ఆవిడకి. షెడ్డులో వచ్చేది. ముక్కుకి పైట చుట్టుకుని, కాయల కుప్ప ముందు కూర్చుని, తొడిమ తుంచుతూ తాలు కాయలు ఏరుతూ ఏడ్చేది. అక్కడ అందరి కళ్ళూ కారుతూనే ఉంటాయి, ఎవరని అడుగుతారు? బీపీ చూసిన డాక్టరమ్మ ఒకసారి, "మనసులో ఏమన్నా పెట్టుకుంటున్నారా అమ్మా? ఎవరితోనైనా చెప్పుకోవాలి" అంది. "నాకేం టెన్షన్లు లేవండీ" అని మాత్రలు తెచ్చుకుంది.

పక్కన కూర్చునేది నస్రత్. ఆవిడకంటే పదేళ్ళు చిన్నది, నోరు ఊరుకోదు. మధ్యాహ్నం తన డబ్బాలో కూర సగం అడక్కుండానే మల్లేశ్వరి అన్నంలో వేసేది. రోజు మొత్తంలో మల్లేశ్వరిని పేరు పెట్టి పలకరించే మనిషి ఆ ఒక్కతే. అలాంటిది ఒకరోజు అందరి ముందూ, "ఏందక్కా, మనిషి పోయి రెండేళ్ళయింది, ఇంకా అట్టా మొహం వేలాడేసుకుంటే ఎట్టా?" అనేసింది.

మల్లేశ్వరి మాట మానేసింది.

ఈ మనిషితో కూడా మాట పోతే తనకింక మనిషనేవాళ్ళు లేరని తెలుసు. తెలిసీ అంతే. రోజూ పొద్దున్నే, ఇవాళ పలకరించాలి అనుకుని బయలుదేరేది. షెడ్డులోకి వచ్చి కూర్చోగానే దవడ బిగుసుకునేది. కోపం ఎప్పుడో పోయింది. అలవాటు మాత్రం పోలేదు. ముప్పై ఏళ్ళ అలవాటు, పొమ్మంటే పోతుందా?

తొమ్మిదో రోజు, పదకొండు గంటల వేళ, నస్రత్ కుప్ప వైపు తిరిగి, "ఏమే మిరపకాయా, పొద్దున్నించీ కళ్ళు తిరుగుతన్నాయి నాకు. ఎవరికి చెప్పుకోను?" అంది. సగం వేళాకోళమే. మల్లేశ్వరి పద్ధతి వీధి వీధికీ తెలుసు కదా.

మల్లేశ్వరి చేయి ఆగింది. నాతో అనలేదుగా, అంది లోపల. అవే మాటలు. వాటంతటవే వచ్చాయి.

"నాకు చెప్పవే!" అని లేచింది. కుప్ప తొక్కుకుంటూ వచ్చి నస్రత్ గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "నాకు చెప్పు. నా మొహం చూసి చెప్పు. ఏమవుతంది నీకు?"

షెడ్డంతా తలలెత్తి చూసింది. మల్లేశ్వరి అరవడం ఎవరూ విని ఉండలేదు. నస్రత్ ఏదో అనబోయి పక్కకి ఒరిగింది.

షుగరు పడిపోయిందన్నారు ఆసుపత్రిలో. పొద్దున ఏమీ తినలేదట. భయం లేదని సెలైను పెట్టారు. నస్రత్ కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన మల్లేశ్వరి వెక్కి వెక్కి ఏడుస్తోంది. అక్కడ మిరపకాయలు లేవు మరి.

"నాకేం కాలేదుగా అక్కా, ఎందుకట్టా ఏడుస్తన్నావ్?"

అప్పుడు చెప్పింది. పప్పులో ఉప్పు దగ్గర్నుంచి మొదలుపెట్టి, పదిహేడు రోజులూ, ఆ పొద్దునా, పిల్లీ, అంతా చెప్పింది. రెండేళ్ళలో అన్ని మాటలు ఒక్కసారిగా ఆవిడ మాట్లాడలేదు. చివరికి నస్రత్, ఓదార్పుగానే, "పిల్లికేం తెలుసక్కా ఛాతీ నొప్పంటే? నీకే చెప్పాడు బావ" అంది.

"నాకే చెప్పాడు," అంది మల్లేశ్వరి. "నేను విన్నానని కూడా ఆయనకి తెలుసే. చెప్పులు తొడుక్కున్నాక కూడా వెంటనే వెళ్ళలేదు. చాలాసేపు అట్టాగే కూర్చున్నాడు, నేనేమన్నా అంటానేమోనని."