గురవమ్మ పోసిన చివరి స్నానం

ఇల్లందు గనుల కాలనీలో పుట్టిన పిల్లల్లో సగం మంది గురవమ్మ కాళ్ల మీద నీళ్లు పోయించుకున్నవాళ్లే. కాళ్లు చాపి, బిడ్డను బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, నలుగు పెట్టి నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసిందంటే ఎంత పేచీకోరు బిడ్డయినా సాయంత్రం దాకా కళ్లు తెరిచేది కాదు. పాతికేళ్లలో తన చేతిలో ఒక్క బిడ్డకు జలుబైనా చేయలేదని ఆమె గొప్ప. చెప్పుకోవాల్సిన గొప్పే అది.

తొంభై నాలుగులో మా తమ్ముడు హైదరాబాదు నుంచి మా అమ్మాయికి హామ్‌స్టర్‌ను తెచ్చాడు. గుప్పిట్లో పట్టేంత ఎలుక, మీగడ రంగు బొచ్చు. "అక్కా, దీనికి నీళ్లు తగలనివ్వకు. గిన్నెలో పొడి ఇసుక పెడితే అదే పొర్లి శుభ్రం చేసుకుంటుంది," అని మరీ మరీ చెప్పి వెళ్లాడు.

మా కాలనీలో బొగ్గుపొడి పడని వస్తువు ఉంటుందా? వారం తిరక్కుండా అది మసిగుడ్డలా తయారైంది. ఇసుకా నల్లబడింది. మార్చడానికి నాకు బద్ధకం. అప్పుడు నాకు ఏడో నెల. బిడ్డ పుడితే గురవమ్మ ఉందిగా అని ధీమాగా ఉన్నాను.

ఒక మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి పెరట్లో సాంబ్రాణి వాసన. నన్ను చూసిపోదామని వచ్చిన గురవమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంది. ఒళ్లో పాత చీరగుడ్డ మూట.

"గిదేందమ్మా, పాపం, గింత మురికి పట్టించిన్రు? శనగపిండి పెట్టి తానం పోసిన. జర చూడు, ఎట్ల మెరుస్తుందో!" అని నవ్వుతూ గుడ్డ విప్పింది.

హామ్‌స్టర్ కదల్లేదు.

గురవమ్మ నవ్వుతూనే వేలితో దాని పొట్ట తట్టింది. మళ్లీ తట్టింది. ఆమె నవ్వు మాయమైంది. అరచేతుల్లో రుద్దింది, నోటితో ఊదింది, రవికెలో దాచుకుని వెచ్చబరిచింది. అది లేవలేదు.

"మోచెయ్యి పెట్టి చూసిననే. నీళ్లు మంచిగనే ఉండె. దీనికి నీళ్లు పడవా అమ్మా? నీకెరుకనా?"

మా అమ్మాయి బడి నుంచి వచ్చే వేళ. నా నోట ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు.

"నాకూ తెలీదు గురవమ్మా."

రెండు నెలలకు నాకు బాబు పుట్టాడు. కబురు పంపితే గురవమ్మ వచ్చి గుమ్మం బయటే నిలబడింది. బాబు ఏడుస్తున్నా లోపలికి చూడలేదు.

"నేను పొయ్యనమ్మా. ఆ దినం ఏం తప్పు చేసిన్నో ఇప్పటికీ సమజైతలేదు. తప్పేందో తెల్వకుండ పసిబిడ్డను ఎట్ల పట్టుకోవాలె? ఈ రెండు నెలలల్ల ఎవ్వరింటికీ పోలేదు. పక్క గల్లీ వెంకమ్మకు చెప్పిన, అది పోస్తది."

ఆ చేతుల్లో ఏ తప్పూ లేదు. తప్పేమిటో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఒక్క మాట అంటే చాలు.

"సరే, రేపటి నుంచి వెంకమ్మను రమ్మను," అన్నాను.