రష్యాలో పుట్టిన జర్మనీ ఇంజను

ఆ రోజుల్లో మా తిరువూరులో స్టేజీ ఎక్కి ఇంగ్లీషులో తడబడకుండా మాట్లాడగలిగినవాడికి జీవితంలో ఇక ఏ లోటూ ఉండదని అందరూ నమ్మేవారు. అందరికంటే గట్టిగా నమ్మినవాణ్ణి నేను. బి.ఇడి. పూర్తి చేసి, మా చర్చి సంఘం వాళ్ళు నడిపే స్కూల్లో ఇంగ్లీషు మాస్టారుగా టెంపరరీ మీద చేరాను. ఆ టెంపరరీ అన్న మాట ఇంటిపేరులా నా పేరుకు ముందు అతుక్కుపోయింది. ("టెంపరరీ సార్ రాలేదండీ" అని పిల్లలు హెడ్మాస్టారికి చెప్పేవాళ్ళు.) ఉద్యోగం ఇప్పించింది మా పిన్ని. ఆమె పెనుగొలనులో టీచరు. చర్చిలో ఆడవాళ్ళ వైపు మొదటి వరసలో కూర్చునేది. అక్కడ ఆమె మాటకు ఎంతో కొంత విలువుండేది. ఉన్న విలువంతా ఊడ్చి నా మీద ఖర్చు పెట్టేసింది.

స్కూలు వ్యవహారాలన్నీ సంఘం సెక్రటరీ గారి చేతిలో ఉండేవి. ఆయన్ని వెనకాల మేమంతా మైకు గారు అనేవాళ్ళం. పెళ్ళయినా, పుట్టినరోజైనా, సమాధి దగ్గరైనా ఆయన చేతికి ఒకసారి మైకు వెళ్ళిందంటే మళ్ళీ కరెంటు పోయినప్పుడే మనకు విముక్తి. ఒకనాడు ఆయన నన్ను ఆఫీసుగదికి పిలిపించి తలుపు దగ్గరగా వేశారు. జర్మనీ నుంచి ఒక పెద్దాయన, కూతురితో కలిసి మా స్కూలు చూడ్డానికి వస్తున్నాడట. ఆయన చూసి మెచ్చితే పిల్లలకు హాస్టలు కట్టిస్తారట.

"ఆ దొర కుర్రతనంలో పి-ఎయిట్ అనే రైలింజన్లో బొగ్గేశాడంట. తర్వాత దాని డ్రైవరే అయ్యాడంట. వాళ్ళమ్మాయి ఫోన్లో చెప్పింది. మనం ఆ ఇంజను చరిత్రంతా ఆయన ముందు పెట్టామనుకో, మనిషి కరిగిపోడూ? నువ్వు ఇంగ్లీషులో చెప్పు, నేను జనానికి తెలుగులో చెప్తా."

"రైలు గురించాండీ? నేను రెండుసార్లే ఎక్కాను సార్."

"నిన్ను నడపమన్లేదుగా మాస్టారూ. ఇది బాగా జరిగిందంటే జూన్లో నిన్ను పర్మినెంటు చేసే పూచీ నాది."

మా ఊరికి రైలు లేదు. ఎక్కాలంటే మధిరో విజయవాడో పోవాలి. కనుక నాకు రైలంటే ఎంత తెలుసో ఓడంటే కూడా అంతే తెలుసు. బస్టాండు దగ్గర కొత్తగా పెట్టిన ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని ఆ ఇంజను కోసం వెతకడం మొదలుపెట్టాను. బొమ్మ పొగగొట్టం దగ్గర మొదలై మెల్లిగా కిందికి దిగేది. చక్రాలు వచ్చేలోపు కరెంటు పోయేది. అందుకని చాలా రోజుల వరకూ దానికి చక్రాలెన్నో నాకు తెలియదు. కానీ చరిత్ర మాత్రం చేతికి చిక్కింది. ప్రష్యా అని జర్మనీలో ఒకప్పుడు పెద్ద రాజ్యం ఉండేది. వాళ్ళ రైళ్ళ కోసం తయారైన ఇంజను ఇది. పేరులోని పి అంటే పాసింజరు. అయినా తయారుచేసినవాళ్ళు మొదట్లో దాన్ని వేగంగా పోయే బండ్లకు కట్టాలనుకున్నారు. గాలిని చీల్చుకుని పోవడానికి డ్రైవరు గది ముందు భాగాన్ని మొనదేల్చి పెట్టారు. తీరా వేగం పెంచితే అది ఊగిపోయేది. దాంతో ఆ మొన తీసేసి, పాసింజరు బండ్లకే కట్టారు. ఆగి ఆగి పోయే ఆ బండ్ల దగ్గర అది ఎంత బాగా పనిచేసిందంటే వేలకొద్దీ తయారు చేశారు. మొదటి యుద్ధంలో ఓడిపోయినప్పుడు గెలిచిన దేశాలు వాటిని వందలకొద్దీ తోలుకుపోయాయి. రెండో యుద్ధం తర్వాత జర్మనీ రైలు లైన్లు కొన్ని వేరే దేశంలోకి పోతే, వాటి మీది ఇంజన్లూ అక్కడే ఉండిపోయాయి. మిగిలినవి మాత్రం నేను పుట్టే దాకా పాసింజర్లు లాగుతూనే ఉన్నాయి.

గోంగూర ఆకు తుంచుతూ పిన్ని నా ప్రాక్టీసు వినేది.

"పాపం, ఎక్స్‌ప్రెస్ అవుదామని వచ్చి పాసింజరయిందా? అచ్చం మీ బాబాయిలాగే," అంది. (బాబాయి గ్రూప్స్ పరీక్షలు రాసీ రాసీ తాలూకాఫీసు గుమాస్తాగా స్థిరపడినవాడు. ఆ మాట వినబడి పేపరు అడ్డం పెట్టుకున్నాడు.)

కాగితం సెక్రటరీ గారికి చూపించాను. చదివి పెదవి విరిచారు. "అంతా బానే ఉంది గానీ ఎండింగు చప్పగా ఉందయ్యా. 'చివరి ఇంజన్లు ఫలానాచోట ఆగిపోయాయి' అంటే చప్పట్లెవరు కొడతారు? గుండెకి తగిలేది ఒకటుండాలి." కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించి, తనే పెన్ను తీసుకుని చివర ఒక వాక్యం చేర్చారు. ఈ ఇంజను ఏనాడూ ఏ ప్రయాణికుణ్ణీ దారిలో వదిలేసి వెళ్ళలేదు, అని దాని అర్థం. నాకూ నచ్చిందనే చెప్పాలి. ఆ వాక్యం దగ్గర గొంతు కాస్త వణికించడం కూడా సాధన చేశాను.

ఆ రోజు స్కూలు ఆవరణలో షామియానా వేశారు. ఎండకి టెంటు లోపల గాలి కూడా ఉడుకుతోంది. నేను బాబాయి పెళ్ళినాటి కోటు వేసుకుని, దానికి తోడు టై కట్టుకుని, ఉక్కపోతకి ఉక్కిరిబిక్కిరవుతూ కూర్చున్నాను. పెద్దాయన పొడుగ్గా, సన్నగా, మెడలో కనకాంబరాల దండతో బుద్ధిగా కూర్చున్నాడు. ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం. నేను చెప్పేది కూతురు చెవిలో జర్మన్లో చెప్తోంది. ఈ పక్క సెక్రటరీ గారు తెలుగులో చెప్తున్నారు.

ఇంజను ప్రష్యాలో పుట్టిందన్నాను నేను. ఆయన, "ప్రియులారా, ఈ ఇంజను రష్యాలో పుట్టింది," అన్నారు. ముందు వరసలో పిన్ని తల పట్టుకుంది. ఇంజను వెనక బొగ్గూ నీళ్ళూ మోసే పెట్టెను టెండరంటారు; యుద్ధం తర్వాత వీటిలో కొన్నింటికి స్నానాలతొట్టి ఆకారంలో ఉండే టెండర్లు తగిలించారని చెప్పాను. ఆయన తడుముకోకుండా, "యుద్ధం అయిపోయాక జర్మనీ ప్రభుత్వం స్నానాలతొట్లకి టెండర్లు పిలిచింది," అన్నారు. అప్పటిదాకా కునుకు తీస్తున్న మా ఊరి కాంట్రాక్టరొకాయన నిటారుగా కూర్చున్నాడు. జనం మాత్రం ఎంతో భక్తిగా విన్నారు. పెద్దాయన కూడా తలాడించాడు, ఒకచోట నవ్వాడు. నేను ఆకాశంలో ఉన్నాను. జూన్ నెల కళ్ళముందు కనబడుతోంది.

చివరి వాక్యం గొంతు వణికించి మరీ చెప్పాను. కూతురు సగం చెప్పి ఆగింది. ఆయన ఆమె మోకాలి మీద తట్టి మొత్తం చెప్పించుకున్నాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చుని, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. దండలోంచి పూలు రాలి ఒళ్ళో పడుతున్నాయి. పందిరంతా చప్పట్లు. సెక్రటరీ గారు నా చేతిలోని మైకు కూడా లాక్కుని, "చూశారా ప్రియులారా, దొరగారి హృదయం ఎలా కరిగిందో. ఈ ఆఖరి మాట నేను స్వయంగా రాసిందేనని చెప్పడానికి సంతోషిస్తున్నాను," అన్నారు.

భోజనాల దగ్గర ఆ కూతురు పాస్టరు గారికీ స్కూలు కమిటీవాళ్ళకీ అసలు సంగతి చెప్పింది. రెండో యుద్ధం చివరి శీతాకాలంలో, వాళ్ళ ఊరి మీదికి శత్రుసైన్యం వస్తోందని జనమంతా రైలెక్కి పారిపోయారు. ఆ రైలుకు కట్టింది పి-ఎయిట్ ఇంజనే. అప్పుడు ఆయన చిన్న పిల్లవాడు. దారిలో ఏదో స్టేషన్లో ఆగితే, చంటి చెల్లెలికి పాలు దొరుకుతాయేమోనని తల్లి దిగింది. ఆమె తిరిగి రాకముందే రైలు కదిలింది. తల్లి మళ్ళీ కనబడలేదు. చెల్లెలు బతకలేదు.

కమిటీవాళ్ళందరూ నా వైపు చూశారు. సెక్రటరీ గారు కంచం పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, ఇంగ్లీషులో ఆమెతో ఇలా అన్నారు: "క్షమించండి మేడం. కుర్రవాడు. మాకెవరికీ చూపించకుండా మాట్లాడేశాడు." గంట క్రితం ఆయన మైకులో చెప్పింది ఆ పందిట్లో అందరూ విన్నారు. కానీ ఆ క్షణంలో అందరికీ కంచంలోని బిర్యానీ మీదే శ్రద్ధ. పాస్టరు గారు మజ్జిగ కోసం కేకేశారు. నా కోటు లోపల చొక్కా ఒంటికి అంటుకుపోయింది. నేను వెళ్ళి మజ్జిగ పట్టుకొచ్చాను.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన నన్ను రమ్మన్నారని కబురొచ్చింది. గెస్టు రూము వరండాలో ఆయన కుర్చీలో ఉన్నాడు. కూతురు పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్తోంది. సెక్రటరీ గారు కొబ్బరిబోండాల వంకతో గుమ్మంలోనే నిలబడ్డారు.

"నువ్వు చెప్పిన చరిత్ర అంతా సరిగ్గా ఉందంటున్నారు నాన్న. ఊగిపోయే సంగతి కూడా నిజమేనట."

నేను క్షమించమన్నాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపి చాలాసేపు మాట్లాడాడు. ఆమె కొద్ది కొద్దిగా చెప్పింది. "ఆ రోజు డ్రైవరు తప్పేం లేదంటున్నారు. సిగ్నలు పడ్డాక బండి కదలాల్సిందే. పెద్దయ్యాక నాన్న కూడా అదే రకం ఇంజను నడిపారు. సిగ్నలు పడగానే కదిలించేవారట. ఎవరెవర్ని ప్లాట్‌ఫాం మీద వదిలేసి వచ్చారో తెలియదంటున్నారు."

అప్పుడు ఆయన సూటిగా నన్నే చూస్తూ ఒక్క మాట అడిగాడు. ఆ ఆఖరి వాక్యం ఎవరు రాశారు అని.

గుమ్మంలో సెక్రటరీ గారు బోండాన్ని రెండు చేతులా పట్టుకుని కదలకుండా నిలబడ్డారు.

"నేనేనండి," అన్నాను.

పెద్దాయన తల ఊపాడు. నా చెయ్యి పట్టుకుని, కుర్రవాడివి, ఇంకా చాలా రాస్తావు అన్నాడు. వరండా దిగుతుంటే సెక్రటరీ గారు నా భుజం మీద చెయ్యేసి, "నీ సంగతి నేను చూసుకుంటాగా," అన్నారు.

చూసుకున్నారు. హాస్టలు వచ్చింది. మా సెక్రటరీ గారి పుణ్యాన కాదు. పెద్దాయన మంచివాడు గనక. జూన్లో పర్మినెంటు పోస్టు సెక్రటరీ గారి తోడల్లుడి కూతురికి వెళ్ళింది. విదేశీ అతిథిని నొప్పించినవాణ్ణి స్కూల్లో ఉంచడం కమిటీకి ఇబ్బందిగా ఉందని నాకు చెప్పారు. చెప్పింది కూడా ఆయనే, ఎంతో బాధపడుతూ.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పిన్ని అందరి ముందూ ఆయన్ని నిలబెట్టింది. "ఆ మాట రాసింది మీరేనని మైకులో చెప్పారుగా సెక్రటరీ గారూ. ఊరంతా విన్నాం."

"అదేదో ఉత్సాహంలో అన్నమాటమ్మా. అయినా మీవాడు తనే రాశానని దొర దగ్గర ఒప్పుకున్నాడుగా. అడగండి."

పిన్ని నా వైపు తిరిగింది. నేను చెప్పులు వెతుక్కుంటున్నాను. ఆ తర్వాత ఆమె మొదటి వరసలో కూర్చోవడం మానేసింది.

నేను కొన్నాళ్ళు ట్యూషన్లు చెప్పి, తర్వాత డీఎస్సీలో నెగ్గి, రెడ్డిగూడెం వైపు ఒక సర్కారు బళ్ళో కుదురుకున్నాను. సెక్రటరీ గారు పోయినప్పుడు కూడా వెళ్ళాను. అక్కడ ఎవరో మైకులో మాట్లాడుతూ, ఆయన మాటలకు జర్మనీ దొర ఆనందబాష్పాలు రాల్చాడని చెప్పారు. జనం కళ్ళు తుడుచుకున్నారు. నేను కూడా జేబురుమాలు తీశాను, ఎండగా ఉందని.

పిన్ని ఇప్పుడు రిటైరైంది. మామిడిపళ్ళు పట్టుకుని వెళ్ళిన ప్రతిసారీ, టెంక చీకుతూ, అదే ప్రశ్న అడుగుతుంది. "ఒరే, ఆ రోజు నేనే అని ఎందుకన్నావురా?" పాతికేళ్ళప్పుడు ఉద్యోగం పోతుందని భయమేసిందన్నాను. ముప్ఫై దాటాక, దుఃఖంలో ఉన్న పెద్దాయన ముందు పంచాయితీ ఎందుకని అలా అన్నానని చెప్పడం మొదలుపెట్టాను. ఆ మాట చెప్పేటప్పుడు నా మొహం కూడా కాస్త గంభీరంగా మారేదట. నలభై దాటాక ఇంకొంచెం ఎదిగాను. పోయినవాళ్ళ గురించి చెడు మాట్లాడకూడదని నాకు అప్పటికే తెలుసన్నట్టు చెప్తున్నాను. (ఆయన అప్పటికి నిక్షేపంగా ఉన్నాడన్న సంగతి పిన్నికి గుర్తుంది.)

మొన్న వెళ్ళినప్పుడు అంతా ఓపిగ్గా విని, మూతి తుడుచుకుని అంది: "మొదట చెప్పిందే బాగుందిరా."