గుర్తు పెట్టకూడని చోటు

మావయ్యగారు, అంటే మా వారి నాన్నగారు, పోయారన్న కబురు గుడివాడలో పుట్టింట్లో ఉండగా తెలిసింది. నిద్రలోనే పోయారట. పామర్రు మీదుగా బందరు చేరేసరికి చుట్టాలు గుసగుసలాడుకుంటున్నారు. తీతువు పిట్ట వారం నుంచీ ఇంటి మీద అరుస్తోందట, అందుకే ఇలా జరిగిందట. ఆ మాట వింటే ఆయన ఎంత నొచ్చుకునేవారో.

బస్సు డిపోలో గుమాస్తాగా రిటైరైన మావయ్యగారికి పిట్టలంటే పిచ్చి. ఊరి చివర, పక్షుల కోసం కంచె వేసి వదిలిన మడుగుకి కొత్తకోడలినైన నన్ను తీసుకెళ్లింది ఆయనే. మెళ్లో బైనాక్యులర్స్, వెనకాల కోడలు. వీధివాళ్లు నవ్వేవారు, ఆయనకి పట్టేది కాదు. వానాకాలం తుమ్మచెట్ల మీద నత్తగుల్ల కొంగల గూళ్లు, చలికాలం నీళ్లనిండా వలస బాతులు. వేసవిలో నీరు లాగేశాక గట్టున రాళ్ల మధ్య తీతువు గుడ్లు. గూడంటూ ఉండదు, రాయేదో గుడ్డేదో తెలియదు. "పిట్టని మనం చూస్తే సరిపోదమ్మా. మనల్ని చూసి కూడా అది లేవకుండా కూర్చోవాలి" అనేవారు.

ఒక వేసవిలో, గడ్డి కోసేవాళ్లు తొక్కేస్తారేమోనని ఆ గుడ్ల చుట్టూ ఇటుక ముక్కలు పేర్చారు. మర్నాడు ఇటుకలున్నాయి, గుడ్లు లేవు. ఎవరికీ కనబడని చోటుని ఆయనే చూపించినట్టయింది. తల్లిపిట్ట నెత్తిమీద తిరుగుతూ అరుస్తుంటే ఆయన గట్టున కూలబడ్డారు.

"దాని కొంప నేనే కూల్చానమ్మా" అన్నారు.

ఎంత చెప్పినా వినలేదు. అప్పట్నుంచీ ప్రతి వేసవీ అదే వెతుకులాట. తీతువులు మళ్లీ అక్కడ గుడ్లు పెట్టలేదు. మొన్న నేను పుట్టింటికి బయల్దేరుతుంటే, ఈసారైనా పెడతాయంటావా అని అడిగారు. బస్సు తొందరలో, చూద్దాం లెండి అనేసి వచ్చేశాను.

వేసవికి కాలువల్లో నీళ్లు కట్టేసిన రోజులు కావడంతో పదోరోజు పిండం మడుగు గట్టునే పెట్టాం. కాకి వచ్చింది. వాలబోతుంటే తీతువుల జంట అరుచుకుంటూ వచ్చి తరిమేసింది. కాకి మళ్లీ వచ్చింది, మళ్లీ తరిమాయి. ఆయనకేదో కోరిక మిగిలిపోయిందన్నారు పురోహితుడు. అమ్మని చూసుకుంటానని మా వారు దణ్ణం పెట్టి చెప్పారు. అయినా కాకి ముట్టలేదు. అత్తయ్యగారు నా భుజం మీద వాలిపోయారు.

"ఆయనకి నేనేం తక్కువ చేశానే?"

తీతువులు అంతలా తరుముతున్నాయంటే దగ్గర్లో గుడ్లున్నట్టే. ఆ ఒక్క మాట చెబితే ఆవిడ ఏడుపు ఆగేదేమో. చెబితే, ఏవీ ఎక్కడా అంటూ అంతమందీ గట్టంతా తొక్కేవాళ్లు. పైగా ఆ పిట్ట మీద అందరికీ కోపంగా ఉంది. నోరు మూసుకుని ఆవిడ వీపు నిమిరాను. పిండం చివరికి నీళ్లలో కలిపారు.

తీతువు పిల్లలు గుడ్లలోంచి బయటపడి తల్లి వెంట వెళ్లిపోయాయి కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. అత్తయ్యగారికి చెప్పాను. నమ్మలేదు. తనని ఊరడించడానికి కల్పిస్తున్నానంటారు. ఆవిడ అలా అన్నప్పుడల్లా నా ప్రాణం చివుక్కుమంటుంది.

ఆ రోజు అందరూ కదిలాక ఒక్కసారి వెనక్కి చూశాను. తీతువు అటూ ఇటూ నడిచి, రాళ్ల మధ్య మెల్లగా కూర్చుంది. ఎవరైనా నా చూపు పట్టుకుంటారేమోనని గబగబా తల తిప్పేసుకున్నాను.