రెండు నిజాలకి ఒక అబద్ధం

సీసాల ఫ్యాక్టరీలో ఆమెని అందరూ టింగమ్మ అంటారు. చల్లారిన సీసాని సన్నటి ఇనప పుల్లతో కొట్టి, ఆ మోతని బట్టి పగులుందో లేదో చెప్పడం ఆమె పని. పదిహేడేళ్ళుగా అదే పని. అన్ని సీసాలూ కొట్టడం కుదరదు కాబట్టి వంద పెట్టెల్లో ఏ ఐదో తెరుస్తుంది. ఏవి తెరవాలో గోడకి అంటించిన అంకెల పట్టిక చెబుతుంది; పట్టికలో ఎక్కణ్ణించి మొదలెట్టాలో ఏ పూటకాపూట చీటీ తీస్తుంది. వావీ వరసా లేని అంకెలు. ఆమె తెరవబోయే పెట్టెలో మంచి సరుకు సర్దాలని పేర్చేవాళ్ళు మొదట్లో నానా తంటాలూ పడ్డారు. "నాకే తెలియంది మీకెలా తెలుస్తుందర్రా?" అనేది.

ఆమె మొగుడిదీ, మరిదిదీ అదే ఫ్యాక్టరీ, ఒకటే సెక్షన్. ఎండాకాలం మూడు నెలలు కొలిమి ముందు నిలబడే డ్యూటీ అక్కడ ఎవరికీ వద్దు. ఎవరు నిలబడతారో మీరే తేల్చుకోండని ఆఫీసు చేతులు దులుపుకుంది. వాళ్ళు పేకతో తేల్చుకున్నారు. కిందటేడు నిలబడ్డవాడు తనకి నచ్చినవాణ్ణి పోకరుకి పిలవొచ్చు. చెరో యాభై సీసా మూతలు. మూతలన్నీ పోగొట్టుకున్నవాడు ఈ ఏడు నిలబడాలి. మొగుడి బదులు పెళ్ళాం ఆడినా చెల్లుతుంది.

మూడేళ్ళ క్రితం ఆ డ్యూటీ మరిదిది. ఆ మరుసటి ఏడు, సెక్షన్లో పన్నెండు మంది ఉండగా, ఏరి కోరి సొంత అన్ననే ఆటకి పిలిచాడు. అన్న మొహం అద్దాల బీరువా అని చిన్నప్పటి నుంచీ తెలుసు కాబట్టి. అన్న ఓడాడు, నిలబడ్డాడు. ఆ పై ఏడు మొగుడి తరఫున టింగమ్మ కూర్చుని మరిదిని పిలిచింది. చేతిలో ఏమీ లేకుండా పెద్ద పందెం కాసింది. మరిది ఆమె మెడకేసి చూసి నవ్వాడు.

"వదినా, అబద్ధమాడితే నీ మెడ మీద నరం గంతులేస్తుంది. చూపించు."

ఆ వేసవిలో మళ్ళీ కొలిమి ముందు నిలబడ్డ ఆమె మొగుడు కళ్ళు తిరిగి, వేడి సీసాలు కదిలే పట్టాల మీద పడ్డాడు. ముంజేయి మోచేతి దాకా కాలింది. చూడ్డానికొచ్చిన మరిది కాఫీ తాగుతూ, "కొలిమికి కూడా నువ్వంటే మోజు పుట్టిందిరా అన్నయ్యా, వదలడం లేదు," అన్నాడు. మొగుడు నవ్వేశాడు. టింగమ్మ నవ్వలేదు. ఆ కప్పు కడిగి విడిగా పెట్టింది.

ల్యాబులో పనిచేసే కెమిస్టు ఫోన్లో పోకరు ఆడుతుందని అందరికీ తెలుసు. టింగమ్మ భోజనం డబ్బా పట్టుకుని ఆమె ఎదుట కూర్చుంది.

"మొహం దాచుకోవడం నేర్పండి మేడమ్."

"మొహం దాగదు. దాచాల్సిందే లేకుండా చేసుకో."

"అదెలా?"

"మధ్యలో ఎన్ని మూతలుంటే అన్నీ పందెం కాశావనుకో. రెండుసార్లు నిజమైన ముక్కలతో కాస్తే, ఒక్కసారి ఉత్తుత్తిగా కాయి. రెండు నిజాలకి ఒక అబద్ధం. అంతకన్నా ఎక్కువ ఆడావా, ప్రతిసారీ చూపించమంటాడు. అసలు ఆడలేదా, ప్రతిసారీ ముక్కలు పడేసి తప్పించుకుంటాడు. ఆ లెక్కలో ఉన్నావంటే చూపించమన్నా ఒకటే, పడేసినా ఒకటే. అతని తెలివికి పని ఉండదు."

"అబద్ధం ఎప్పుడాడాలో ఎలా తెలుస్తుంది?"

"నువ్వు నిర్ణయిస్తే నీ నరమే చెప్పేస్తుంది. వేరే ఏదైనా నిర్ణయించాలి."

టింగమ్మ కిటికీ అద్దంలోంచి తన బల్ల వెనక గోడకేసి చూసింది. ఆ పట్టిక ఆమెకి వరసంతా కంఠతా వచ్చు.

ఖాళీ చేతులు ఎన్నిసార్లు పడతాయో లెక్కగట్టి కెమిస్టు హద్దు గీసిచ్చింది. ఖాళీ చెయ్యి పడ్డప్పుడు పట్టికలో తర్వాతి అంకె ఒకటి, రెండు, మూడు అయితే అబద్ధం. మిగతావి వస్తే మౌనం. మంచి ముక్కలున్నా సరే మనసులో ఒక అంకె చదివి తీరాలి, లేకపోతే ఆలోచించే సమయంలో తేడా దొరికిపోతుంది.

"ఇంకో మాట," అంది కెమిస్టు. "ఈ పద్ధతికి పగ తెలీదు. ఎదురుగా ఎవరు కూర్చున్నా ఒకేలా ఆడుతుంది. నీకు సాధ్యమేనా?"

"పగ నా దగ్గరుంచుకుంటాను. ఆట అంకెలకి వదిలేస్తాను."

పది నెలలు మొగుడితో ఆడింది. పాపం, అతను ఒక్కసారి కూడా గెలవలేదు.

శనివారం మధ్యాహ్నం షిఫ్టు దిగి అందరూ భోజనాల గదిలో బల్ల చుట్టూ మూగారు.

"రా వదినా. ఈ ఏడు అన్నయ్యకి విసనకర్ర కొన్నావా?"

"టింగమ్మా, మీ మరిదిని కూడా ఓసారి కొట్టి చూడు, పగులెక్కడుందో తేలుతుంది," అన్నాడు క్రేను నడిపేవాడు. అందరూ నవ్వారు.

గంట గడిచినా మూతలు అటూ ఇటూ తిరిగాయే తప్ప ఎవరి వైపూ మొగ్గలేదు. మరిది ఆమె మెడనే చూస్తున్నాడు. నరం గంతులేస్తోంది. చూపించమన్నాడు, మంచి ముక్కలున్నాయి. మళ్ళీ గంతులేసింది. ముక్కలు పడేశాడు. అతని మీద కసితో కూర్చున్న మనిషి, ఆ నరం ఆగితే కదా.

అప్పుడు పడింది పెద్ద ఆట. మధ్యలో ముప్ఫై మూతలు, ఇద్దరి దగ్గరా చెరో ముప్ఫై ఐదు. బల్ల మీద పరిచిన ఐదు ముక్కల్లో మూడు ఇస్పేట్లు. ఇంకో రెండు ఇస్పేట్లు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది పైచేయి. టింగమ్మ దగ్గర ఒక్కటే ఉంది, ఆసు. రెండోది పనికిరాని ఎర్రముక్క. కిందటిసారి దొరికిపోయింది ఇలాంటి ఖాళీ చేత్తోనే. వద్దు, వద్దు అంది మనసు. తలుపు దగ్గర మొగుడు చొక్కా చెయ్యి మణికట్టు దాకా దించుకుని నిలబడి ఉన్నాడు.

పట్టికలో తర్వాతి అంకె రెండు.

ముప్ఫై మూతలు ముందుకి తోసింది.

మరిది మెడ చూశాడు, కళ్ళు చూశాడు, వేళ్ళు చూశాడు. ఒక మూత తీసి బల్ల మీద తిప్పుతూ కూర్చున్నాడు. చివరికి ముక్కలు పడేశాడు.

"ఏమున్నాయి వదినా? చూపించు."

"చూపించమనాలంటే మూతలు పెట్టాలి నాయనా." ముక్కలు బోర్లా పెట్టి పేకలో కలిపేసింది.

ఆ తర్వాత అతను ఆడుతున్న ఆటని చూడలేదు, అయిపోయిన ఆటనే చూస్తూ కూర్చున్నాడు. మూడో పంపకంలో టింగమ్మకి రెండు రాజులు పడ్డాయి, బల్ల మీదికి మూడో రాజు వచ్చాడు. ఎప్పటిలాగే అంకె చదివి, పందెం కాసింది. "ఈసారి నన్ను ఏడిపించలేవు," అంటూ మరిది ఉన్నవన్నీ తోసేశాడు. ఆమె ముక్కలు తిప్పింది. మరిది ముందు ఒక్క మూత కూడా మిగల్లేదు.

మర్నాడు తోడికోడలు వచ్చింది.

"అక్కా, ఆయనకి బీపీ. ఈ ఒక్క ఏడు వేరే ఎవరినైనా..."

"కూర్చో. మీ బావగారి చేతికి మందు రాస్తున్నాను. ఎలా ఉందో చూసి వెళ్ళు."

ఆమె చూసింది. ఇంకేం అడక్కుండా వెళ్ళిపోయింది.

ఎండలు ముదిరాయి. నీళ్ళ విరామంలో మరిది తనిఖీ బల్ల దగ్గరికి వచ్చేవాడు. కనుబొమ్మలు కమిలిపోయి, పెదవులు తెల్లగా ఎండిపోయి ఉండేవి.

"ఒక్కటి చెప్పు వదినా. ఆ ఇస్పేట్ల ఆటలో ఉన్నాయా, లేవా?"

"గుర్తులేదు నాయనా."

"నిద్ర పట్టడం లేదు. ఉన్నాయంటే ఉన్నాయను, లేవంటే లేవను. ఏదన్నా పరవాలేదు."

"నిజంగా గుర్తులేదు."

రెండో నెలలో మొగుడికే జాలేసింది. "చెప్పెయ్యవే. వాడెలా అయిపోయాడో చూశావుగా. కనీసం నాకైనా చెప్పు."

"నీకు చెబితే నీ మొహం చూసి వాడు చదివేస్తాడు," అంది. "వచ్చే ఏడు పిలిచే హక్కు వాడిది. పన్నెండు మందిని వదిలేసి నిన్నే పిలుస్తాడు, నేనే కూర్చుంటాను. వాడు అప్పుడు కూడా తెలియకుండానే కూర్చోవాలి."