ఆదివారం పట్టిన బొచ్చె

చావింటికి వచ్చి, పోయినవాడు ఎందుకు పోయాడో చెప్పగలిగేవాళ్లంటే నాకు అసహ్యం. అది కొల్లేటికోటలో, మా చెల్లెలి భర్త పోయాక ఇంటివాళ్లని ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూడికలో మొదలైంది.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టించడానికి ముందటి ఏడు. మా మరిది ఒక ఆదివారం పొద్దున్నే చెరువు మోటారు ముట్టుకుని, కరెంటు కొట్టి పోయాడు. తరవాత ఒక సోమవారం కూడిక పెట్టారు. నేను గూడెం టౌను నుంచి వెళ్లాను. పాస్టరుగారు ఆదరణ సంగతి మర్చిపోయి తీర్పు మీద పడ్డారు. ఆరాధన వేళ చెరువు గట్టున ఉండేవాణ్ణి దేవుడు హెచ్చరించి హెచ్చరించి చివరికి మొత్తాడట. ఆ సంఘంలో ఒక అలవాటుంది. ఇంటిమీద దెబ్బ పడితే ఆ ఇంటివాళ్లు అందరిముందూ నిలబడి, తమ పాపం వల్లే పడిందని ఒప్పుకోవాలి. మా చెల్లిని లేవమన్నారు.

మొగుడి సమాధి మన్ను ఇంకా ఆరలేదు. ఆయన చావడానికి తగినవాడేనని పిల్లల ముందు చెప్పాలన్నమాట. పిచ్చిది, కొంగు సర్దుకుని లేవబోయింది కూడా. చెయ్యి పట్టి కూర్చోబెట్టి, పాస్టరుగారి వైపు తిరిగాను.

“బైబిల్లో, పిల్లల్ని పోగొట్టుకున్న యోబు దగ్గరికొచ్చిన స్నేహితులూ నీ పాపం వల్లేనని ఇలాగే మాట్లాడారండి. చివర్లో దేవుడు కోప్పడింది యోబునా, వాళ్లనా?”

చదువుకున్నవాళ్లకి వాక్యం తలకెక్కుతుంది గాని గుండెలోకి దిగదని ఆయన మెత్తగా అన్నారు. వెనకాల ఎవరో ఆమెన్ అన్నారు.

చెల్లి నా చెయ్యి విదిలించుకుంది. “మరి ఎందుకు పోయాడక్కా? అయ్యగారు ఒక కారణం చెబుతున్నారు. నువ్వూ చెప్పు.”

“కారణం లేదే. వైరుకి తొడుగు ఊడింది, అంతే.”

అది ఓదార్పు కాదని నాకు తెలుసు. అబద్ధం కన్నా నయం. అక్కడితో ఆగలేదు. ఆ ఊళ్లో లారీ వచ్చిన రోజే చేపల పట్టుబడి, ఆదివారమైనా సరే. వల లాగగానే పెద్ద బొచ్చె చేప ఒకటి ప్రథమఫలమని, దేవుడికిచ్చే మొదటి వాటాగా, పాస్టరుగారింటికి వెళ్తుంది. ఆదివారం పట్టిన చేపని ఆయన ఒక్కసారైనా తిప్పి పంపారా అని అందర్నీ అడిగాను. ఆయన గబగబా ముగింపు ప్రార్థన చేసేశారు.

చెల్లి లేవలేదు. భోజనాలప్పుడు లేచింది. వడ్డించేవాళ్ల చేతిలోంచి పులుసు గిన్నె లాక్కుని, ముందు ఆయన విస్తట్లో పెద్ద ముక్క వేసింది.

“తినండి అయ్యగారూ. ఇదీ నిన్న ఆదివారం పట్టిందేనండి.”

నా విస్తరి దగ్గరికి వచ్చేసరికి, నా మొహం చూడకుండా గిన్నె పక్కవాళ్లకిచ్చి లోపలికి వెళ్లిపోయింది.